ఐఆర్‌ఎఫ్540ఎన్ గేటుకు 3.3 వోల్టులు ఇస్తే డ్రిప్పు వాల్వు సగమే తెరుచుకుంటోంది, మాస్‌ఫెట్ కాలిపోతోంది

చీనీతోట_గార్లదిన్నె

మా చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు లైన్లను నాలుగు భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగానికి 12 వోల్టుల సోలినాయిడ్ వాల్వు (కాయిలుకు కరెంటు ఇస్తే తెరుచుకునే వాల్వు) పెట్టాను. సోలార్ ప్యానెలు, బ్యాటరీ, ప్రోగ్రాము నడిపే ఒక ఈఎస్‌పీ32 బోర్డు, వాల్వుకు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్చుగా వాల్వుకొక ఐఆర్‌ఎఫ్540ఎన్ మాస్‌ఫెట్, ఇదీ మొత్తం సరంజామా. బోర్డు పిన్నును నేరుగా గేటుకు, అంటే మాస్‌ఫెట్‌ను తెరిచే కాలుకు కలిపాను. మిగతా రెండు కాళ్ళలో సోర్సు బ్యాటరీ నెగటివ్‌కు, కాయిలు డ్రెయినుకూ ప్లస్సుకూ మధ్య ఉన్నాయి. కాయిలు రెసిస్టెన్సు 12 ఓమ్‌లు.

వాల్వు ఆన్‌లో ఉన్నప్పుడు డ్రెయినుకూ సోర్సుకూ మధ్య మీటరు పెడితే 2.5 వోల్టులు చూపిస్తోంది. మాస్‌ఫెట్ మీద వేలు పెట్టలేకపోతున్నాను. ఒకే దుకాణంలో ఒకేసారి కొన్న నాలుగింటిలో రెండు కాస్త మెరుగ్గా, రెండు అధ్వాన్నంగా పనిచేస్తున్నాయి. ఇంకా వింత ఏమిటంటే, తెల్లవారుజామున తెరుచుకోని వాల్వు ఎండ ముదిరాక అదే తెరుచుకుంటోంది. బోర్డు రీస్టార్ట్ అయిన ప్రతిసారీ వాల్వులు టక్కుమని ఒకసారి కొట్టుకుంటున్నాయి.

తయారీదారు ఇచ్చే డేటాషీటులో గేటు త్రెషోల్డు, అంటే మాస్‌ఫెట్ తెరుచుకునే గేటు వోల్టేజీ, 2 నుంచి 4 వోల్టులని స్పష్టంగా ఉంది. 3.3 ఆ మధ్యలోనే ఉంది కదా. 33 ఆంపియర్లు మోయగలదని రాసిన మాస్‌ఫెట్ ఒక్క ఆంపియరుకే ఇలా ఉడికిపోవడం ఏమిటి? దుకాణంలో నకిలీ సరుకు అంటగట్టారా?

బురుజు_సర్క్యూట్

నకిలీ అనుకోవడానికి ఇంకా ఆధారం లేదు. మీరు డేటాషీటులో చూసిన వరుస ఈ పనికి పనికొచ్చే వరుస కాదు. ఆ త్రెషోల్డు వరుసలోనే పక్కన ఉన్న షరతు చదవండి, డ్రెయిను కరెంటు 250 మైక్రోఆంపియర్లని ఉంటుంది. అంటే 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడో ఒక చోట ఆ మాస్‌ఫెట్ ఆంపియరులో నాలుగువేలవ వంతు కరెంటును పోనివ్వడం మొదలుపెడుతుందని మాత్రమే తయారీదారు హామీ ఇస్తున్నాడు. బోరు మోటారు వేయగానే పైపు మూతి దగ్గర రాలే మొదటి చుక్కల వంటిది అది, నిండు ధార కాదు.

మీరు చూడవలసింది ఆన్ స్థితిలో డ్రెయిను-సోర్సు రెసిస్టెన్సు అనే వరుసను. ఐఆర్‌ఎఫ్540ఎన్‌కు అక్కడ 44 మిల్లీఓమ్‌లు అని ఉంటుంది, దాని పక్కనే గేటుకు 10 వోల్టులు అనే షరతు కూడా ఉంటుంది. 3.3 వోల్టులకు ఎంత అనేది ఆ పట్టికలో ఎక్కడా లేదు. లేదంటే హామీ లేదనే అర్థం.

సోల్డరు_పొగ

మీ 33 ఆంపియర్లు కూడా గేటుకు 10 వోల్టులిచ్చి, మాస్‌ఫెట్ వీపును, అంటే వెనక ఉన్న లోహపు పలకను, 25 డిగ్రీల దగ్గర నిలిపినప్పటి మాట. అనంతపురంలో మే నెలలో 25 డిగ్రీల వీపు ఎవరికుందో చెప్పండి.

పెన్నా_పల్స్

లెక్క వేసి చూస్తే మీ వేలు ఎందుకు కాలుతోందో తెలిసిపోతుంది. 12 వోల్టుల్లో 2.5 మాస్‌ఫెట్ దగ్గరే ఆగిపోతే కాయిలుకు మిగిలేవి 9.5. దానిని 12 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 0.8 ఆంపియర్లు. 2.5ను 0.8తో గుణిస్తే 2 వాట్లు. హీట్‌సింకు (వేడిని లాగే లోహపు రెక్కలు) లేని టీఓ220 ప్యాకేజీకి, అంటే మీ మాస్‌ఫెట్ ఉన్న ఆకారానికి, ఈ డేటాషీటు ప్రకారం వాటుకు 62 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. అంటే చుట్టూ ఉన్న గాలి కంటే లోపలి చిప్పు 124 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. పెట్టె లోపల గాలి 45 డిగ్రీలుంటే 169 అయింది, దాని గరిష్ఠ హద్దు 175.

అదే మాస్‌ఫెట్ గేటుకు 10 వోల్టులు అందితే ఒక ఆంపియరు వద్ద పడేది 0.044 వోల్టులు, వేడి వాటులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. హీట్‌సింకు ఆలోచనే రాదు.

చీనీతోట_గార్లదిన్నె

లెక్క అర్థమైంది. కానీ యూట్యూబులో ఎంతోమంది ఆర్డ్యునోకు ఇదే ఐఆర్‌ఎఫ్540ఎన్ నేరుగా తగిలించి మోటార్లు తిప్పుతున్నారు. వాళ్ళకు పనిచేసింది నాకెందుకు పనిచేయదు? మధ్యాహ్నం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

గండికోట_గేటు

వాళ్ళ ఆర్డ్యునో ఊనో 5 వోల్టులిస్తుంది, మీ ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. ఆ తేడా చిన్నదిగా కనిపించినా, త్రెషోల్డు 3 వోల్టుల దగ్గర ఉన్న ముక్కకు ఒకదాంట్లో 2 వోల్టులు పైన మిగులుతుంది, మరొకదాంట్లో 0.3 మాత్రమే మిగులుతుంది. పైగా వీడియోలో చిన్న మోటారును అర నిమిషం తిప్పి ఆపేస్తారు, మీ వాల్వు గంటల తరబడి తెరిచి ఉండాలి.

నాలుగింటిలో రెండు మెరుగ్గా ఉండటానికీ ఇదే కారణం. త్రెషోల్డు 2.7 ఉన్న ముక్క, 3.4 ఉన్న ముక్క రెండూ డేటాషీటు ప్రకారం మంచివే. ఇక మధ్యాహ్నం సంగతికి వస్తే, మాస్‌ఫెట్ వేడెక్కేకొద్దీ దాని త్రెషోల్డు తగ్గుతుంది. ఎండకు పెట్టె కాగినప్పుడు అదే 3.3 వోల్టులకు కాస్త ఎక్కువ కరెంటు పోతుంది, తెల్లవారుజాము చలికి తగ్గుతుంది. తోటలో సగం తెరుచుకున్న స్విచ్చుకు ఇంతకంటే మంచి నిదర్శనం నేను చూడలేదు.

ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ తెచ్చుకోండి. అది లాజిక్ లెవెల్ రకం, అంటే తక్కువ గేటు వోల్టేజీకే తెరుచుకునేది, త్రెషోల్డు 1 నుంచి 2 వోల్టులు, 5 వోల్టుల గేటుకు 25 మిల్లీఓమ్‌లు, 4 వోల్టులకు 35. మీ ఒక్క ఆంపియరుకు 3.3 వోల్టుల మీద నిశ్చింతగా నడుస్తుంది.

ల్యాబు_మనిషి_కడప

చివరి మాటతో ఏకీభవించను. బురుజు_సర్క్యూట్ గారు పైన చెప్పిన నియమమే దీనికీ వర్తిస్తుంది కదా. ఆ డేటాషీటు 4 వోల్టుల దగ్గర ఆగిపోయింది, 3.3కు హామీ అక్కడా లేదు. టేబులు మీద నడుస్తుంది, నేనూ కాదనను. కానీ కొనేవాడికి ఏ ముక్క వస్తుందో తెలియనప్పుడు, పట్టికలో లేని విలువ మీద తోట మొత్తాన్ని ఆధారపరచడం ఎందుకు? ఏఓ3400 వంటి మాస్‌ఫెట్‌లకు 2.5 వోల్టుల గేటుకు కూడా రెసిస్టెన్సు విలువ రాసి ఇస్తారు.

గండికోట_గేటు

ఏఓ3400 అంటే గోరు మీద పెట్టుకుంటే కనిపించని ముక్క, హద్దు 30 వోల్టులు. పొలంలో పొడవాటి వైర్ల చివర కాయిళ్ళు ఉన్నచోట 55 వోల్టుల మాస్‌ఫెట్‌కూ 30 వోల్టుల మాస్‌ఫెట్‌కూ ఉన్న తేడా మొదటి ఉరుముల వానకే బయటపడుతుంది. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ త్రెషోల్డు గరిష్ఠంగా 2 అని రాసినప్పుడు, 3.3 వద్ద ఒక ఆంపియరుకు ఎంత చెడ్డ ముక్క అయినా సరిపోతుంది. డేటాషీటులోని గ్రాఫు చూడండి.

ల్యాబు_మనిషి_కడప

గ్రాఫులన్నీ సగటు ముక్కకు గీసినవి, హామీ పట్టికకే ఉంటుంది. ఒక ఆంపియరుకు మీరన్నది నిజం కావచ్చు, పది ఆంపియర్లకు ఇదే సలహా చదివి ఎవరైనా ఈ-బైకు కట్టుకుంటే ఏమవుతుందనేదే నా భయం.

బురుజు_సర్క్యూట్

ఇద్దరూ కొత్త మాస్‌ఫెట్ కొనిపించే పనిలో ఉన్నారు. ఆయన దగ్గర ఇప్పటికే నాలుగు ఐఆర్‌ఎఫ్540ఎన్‌లు ఉన్నాయి, 12 వోల్టుల బ్యాటరీ ఉంది. గేటుకు ఆ 12 వోల్టులే అందేలా చూస్తే సరిపోతుంది.

బీటెక్_మూడో_ఏడు

అలాగైతే బీసీ547 ట్రాన్సిస్టరు ఒకటి మధ్యలో పెడితే చాలు కదా. గేటును 10 కిలోఓమ్‌లతో 12 వోల్టులకు లాగి, బీసీ547తో కిందికి దించవచ్చు. మా ల్యాబులో లెవెల్ షిఫ్టరు (తక్కువ వోల్టేజీ సిగ్నలును ఎక్కువకు మార్చే సర్క్యూటు) ఇలాగే కట్టించారు.

బురుజు_సర్క్యూట్

ల్యాబులో సరే, తోటలో అదే కొంప ముంచుతుంది. బోర్డు ఆగిపోయినా, ప్రోగ్రాము ఇంకా మొదలు కాకపోయినా, పిన్నుకు వెళ్ళే వైరు తెగినా బీసీ547 ఆఫ్‌లో ఉంటుంది, గేటు 12 వోల్టులకు ఎక్కుతుంది, నాలుగు వాల్వులూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఏ భాగం చెడినా వాల్వు మూసే ఉండాలనేది ఈ సర్క్యూటుకు మొదటి షరతు కావాలి.

అందుకు పీసీ817 ఆప్టోకప్లరు వాడండి, లోపలి ఎల్‌ఈడీ వెలుగుతో అవతలి ట్రాన్సిస్టరును ఆన్ చేసే ముక్క అది. పాత చార్జరు, పాత టీవీ సప్లయి ఏది విప్పినా ఒకటి దొరుకుతుంది. లోపలి ఎల్‌ఈడీని 330 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా ఈఎస్‌పీ32 పిన్నుకు కలపండి, 6 మిల్లీఆంపియర్ల చిల్లర తీసుకుంటుంది. అవతలి ట్రాన్సిస్టరు కలెక్టరును 12 వోల్టులకు, ఎమిటరును గేటుకు ఇవ్వండి. గేటు నుంచి సోర్సుకు 10 కిలోఓమ్‌లు తప్పనిసరి. పిన్ను హై అయితేనే గేటుకు దాదాపు 12 వోల్టులు అందుతాయి, మిగతా ఏ స్థితిలోనైనా ఆ 10 కిలోఓమ్‌లు గేటును ఖాళీ చేసి వాల్వును మూసే ఉంచుతాయి.

గేటు హద్దు 20 వోల్టులు. సోలార్ చార్జింగులో బ్యాటరీ 14.4 దాకా వెళ్ళినా ఇబ్బంది లేదు. అయినా గేటుకూ సోర్సుకూ మధ్య 15 వోల్టుల జీనరు (వోల్టేజీ ఆ హద్దు దాటకుండా ఆపే డయోడు), 1ఎన్4744 వంటిది, ఒకటి పెట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

పెన్నా_పల్స్

రీస్టార్టులో టక్కుమనే శబ్దానికి పిన్నుల ఎంపిక కూడా కారణం కావచ్చు. ఈఎస్‌పీ32లో 5, 14, 15 వంటి కొన్ని పిన్నులు బూట్ అయ్యే సమయంలో ప్రోగ్రాముతో సంబంధం లేకుండా పల్సులు పంపుతాయి. వాల్వులను 25, 26, 27, 33 పిన్నుల మీదికి మార్చండి.

రిలే_పెద్దాయన

ఇంత చర్చ దేనికో నాకు అర్థం కావడం లేదు. నాలుగు రిలేల (కాయిలుతో కాంటాక్టు కలిపి విడదీసే స్విచ్చుల) బోర్డు ఒకటి పెట్టి ఉంటే త్రెషోల్డు లేదు, జీనరు లేదు, ఆప్టో లేదు. టక్కుమంటే పడింది, మళ్ళీ టక్కుమంటే లేచింది, చెవితోనే చెకింగు అయిపోతుంది.

పెన్నా_పల్స్

ఆ నీలం రంగు 5 వోల్టుల రిలే ఒక్కొక్కటి పడి ఉన్నంతసేపూ సుమారు 70 మిల్లీఆంపియర్లు తింటుంది. చిన్న సోలార్ బ్యాటరీ మీద గంటల తరబడి నడిచే వాల్వులకు అదనపు భారమే. మాస్‌ఫెట్ గేటు ఒకసారి నిండాక ఏమీ తీసుకోదు, పైన చెప్పిన ఆప్టోతో కలిపినా 8 మిల్లీఆంపియర్లు దాటదు. పైగా డీసీ కాయిలు తెంచేటప్పుడు వచ్చే నిప్పురవ్వకు రిలే కాంటాక్టులు నల్లబడి, చివరికి అతుక్కుపోతాయి.

రిలే_పెద్దాయన

కాంటాక్టు అతుక్కుంటే వేలితో కొడితే ఊడుతుంది. మీ మాస్‌ఫెట్ చస్తే ఎలా చస్తుందో కూడా ఆయనకు చెప్పండి. ఎక్కువగా డ్రెయినూ సోర్సూ షార్టయిపోయి చస్తుంది. అప్పుడు ప్రోగ్రాము ఎన్నిసార్లు ఆఫ్ అన్నా వాల్వు తెరిచే ఉంటుంది. గార్లదిన్నెలో బోరు నీళ్ళు రాత్రంతా ఒకే మడికి పారితే తెల్లారి మిగిలిన చెట్లకు ఏమి చెబుతారు?

బురుజు_సర్క్యూట్

ఇది సరైన అభ్యంతరమే. వాల్వు మాస్‌ఫెట్‌ల మీదే పూర్తి భారం వేయకుండా, బోరు స్టార్టరును ఆపే ఒక రిలేను అదే బోర్డుకు విడిగా పెట్టుకుంటే, ఒక మాస్‌ఫెట్ షార్టయినా నీళ్ళు ఆగుతాయి. ఆ పనికి మాత్రం రిలేయే కావాలి. త్రీఫేజు స్టార్టరు కంట్రోలు లైను దగ్గరికి ఈ చిన్న మాస్‌ఫెట్‌ను తీసుకువెళ్ళే ఆలోచన కూడా చేయవద్దు.

పాతబస్తీ_రిపేరు

కర్నూలులో ఇన్వర్టర్లు బాగుచేయడం నా పని కాబట్టి మాస్‌ఫెట్‌లు ఎలా చస్తాయో రోజూ చూస్తుంటాను, పెద్దాయన చెప్పింది నిజమే. ఇన్వర్టరులో ఐఆర్‌ఎఫ్3205 మాస్‌ఫెట్‌లు వరుసగా పక్కపక్కన నిలబెట్టి ఉంటాయి. ఒక్కటి షార్టయితే దాని గేటు ద్వారా వెనక ఉన్న డ్రైవరు ట్రాన్సిస్టర్లకు కూడా దెబ్బ తగులుతుంది. చాలామంది పగిలిపోయినది ఒక్కటే మార్చి బ్యాటరీ తగిలిస్తారు, ఢామ్మంటుంది, తయారీదారును తిడతారు. నేను ఆ వైపు వరుస మొత్తం ఒకే లాటు నుంచి తీసి వేస్తాను, ప్రతి గేటు రెసిస్టరునూ విడిగా కొలుస్తాను, ఆ తరువాత బ్యాటరీ ప్లస్సుకు వరుసలో కారు హెడ్‌లైటు బల్బు పెట్టి మొదటిసారి ఆన్ చేస్తాను. ఎక్కడైనా షార్టు మిగిలి ఉంటే బల్బు వెలుగుతుంది, మాస్‌ఫెట్‌లు బతుకుతాయి.

గండికోట_గేటు గారు చెప్పిన త్రెషోల్డు తగ్గే గుణం ఇక్కడ ఇంకో రూపంలో కనబడుతుంది. పూర్తిగా ఆన్ అయిన మాస్‌ఫెట్ వేడెక్కితే రెసిస్టెన్సు పెరుగుతుంది, కరెంటు పక్కదానికి మళ్ళుతుంది, అందుకే వరుసగా పెట్టగలుగుతున్నాం. అదే సగం ఆన్‌లో ఉంటే వేడెక్కినది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ ఒక్కటే కాలుతుంది. బ్యాటరీ పడిపోయి గేటు వోల్టేజీ తగ్గిన ఇన్వర్టర్లలో ఒకే ఒక్కటి బొగ్గయి, మిగతావి కొత్తవాటిలా ఉండటానికి ఒక కారణం ఇదే.

తోట అన్నకు ఒక పరీక్ష. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి, ఎర్ర ప్రోబు సోర్సుకు, నల్లది డ్రెయినుకు ఆనిస్తే 0.5కు అటూఇటూ చూపాలి, అది లోపలి బాడీ డయోడు. తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. రెండు వైపులా సున్నా దగ్గర చూపితే అది పోయినట్టే. ఇప్పుడు నల్లది సోర్సు మీద ఉంచి ఎర్రది ఒకసారి గేటుకు తాకించి, మళ్ళీ డ్రెయినుకు పెట్టండి. ఆ తాకుడుకే గేటు నిండి ఉంటుంది కాబట్టి కొన్ని ముక్కలు ఇప్పుడు దారి చూపిస్తాయి, గేటునూ సోర్సునూ వేలితో కలిపి తాకితే మళ్ళీ మూసుకుంటాయి. చాలా మీటర్లు డయోడు గుర్తు మీద 3 వోల్టులకు అటూఇటూ మాత్రమే ఇస్తాయి. మీ నాలుగింటిలో ఏవి తెరుచుకుంటాయో, ఏవి తెరుచుకోవో చూసి మాకు చెప్పండి.

చీనీతోట_గార్లదిన్నె

చూశాను. వాల్వు దగ్గర మెరుగ్గా ఉన్న ఆ రెండే మీటరుకు తెరుచుకున్నాయి. మిగతా రెండు డయోడు సరిగ్గానే చూపించాయి కానీ గేటు తాకించినా కదలలేదు. కాబట్టి దుకాణం మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను.

బీటెక్_మూడో_ఏడు

గేటు కరెంటే తీసుకోదు అంటున్నారు, మరి ప్రతి సర్క్యూటులో గేటుకు 100 ఓమ్‌లో 220 ఓమ్‌లో రెసిస్టరు ఎందుకు పెడతారు?

ల్యాబు_మనిషి_కడప

నిలకడగా ఉన్నప్పుడు తీసుకోదు, మారేటప్పుడు తీసుకుంటుంది. గేటు ఒక కెపాసిటరు. ఐఆర్‌ఎఫ్540ఎన్‌ను 10 వోల్టులకు పూర్తిగా తెరవాలంటే గరిష్ఠంగా 71 నానోకూలంబుల చార్జి పోయాలి. రెసిస్టరు లేకపోతే ఆ క్షణంలో పిన్ను మీద పడే లాగుడు హద్దు దాటుతుంది, గేటు వైరు పొడవుగా ఉంటే గేటు వోల్టేజీ కిందామీదా ఊగుతుంది కూడా.

వాల్వుకు ఇది పెద్ద విషయం కాదు. మోటారు వేగం కోసం 20 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎం చేసేవారికి, అంటే సెకనుకు 20 వేలసార్లు ఆన్-ఆఫ్ చేసేవారికి, మాత్రం ఇదే ప్రాణం. 20 మిల్లీఆంపియర్లతో 71 నానోకూలంబులు పోయడానికి సుమారు మూడున్నర మైక్రోసెకండ్లు, తీయడానికి మరో మూడున్నర పడుతుంది. ఒక చక్రం 50 మైక్రోసెకండ్లే కాబట్టి అందులో ఏడో వంతు సమయం మాస్‌ఫెట్ సగం తెరుచుకునే ఉంటుంది. టీసీ4427 వంటి గేటు డ్రైవరు ఒకటిన్నర ఆంపియర్లతో ఆ పనిని క్షణంలో ముగిస్తుంది. ఆ చోట పీసీ817 పెడితే అది తన నెమ్మదితనంతోనే మాస్‌ఫెట్‌ను చంపుతుంది.

సోల్డరు_పొగ

ఇంతవరకూ ఎవరూ కాయిలుకు పెట్టే డయోడు మాట ఎత్తలేదు. చీనీతోట గారూ, కాయిలుకు అడ్డంగా డయోడు ఉందా లేదా?

చీనీతోట_గార్లదిన్నె

ఉంది. 1ఎన్4007, వాల్వు దగ్గరే కాయిలు కొనలకు అతికించాను, గీత ఉన్న వైపు ప్లస్సుకు.

సోల్డరు_పొగ

బోర్డు దగ్గర కూడా డ్రెయిను నుంచి ప్లస్సుకు మరొకటి పెట్టండి. కాయిలు ఒదిలే ఎదురు వోల్టేజీని వాల్వు దగ్గర ఉన్నది మింగుతుంది, మధ్యలో వంద మీటర్ల వైరుకు ఉన్న సొంత ఇండక్టెన్సును అది పట్టించుకోదు. గంటకొకసారి పడే వాల్వుకు 1ఎన్4007 బంగారం లాంటిది. పీడబ్ల్యూఎం మోటారుకు మాత్రం అది నెమ్మది, యూఎఫ్4007 గానీ 1ఎన్5822 గానీ వాడాలి.

పెన్నా_పల్స్

వంద మీటర్ల వైరు అనే మాట వచ్చింది కాబట్టి, అది ఏ సైజు వైరు? 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కిలోమీటరుకు 12 ఓమ్‌లు. వెళ్ళి రావడం 200 మీటర్లు కనుక 2.4 ఓమ్‌లు, కాయిలుకు 10 వోల్టులు మిగులుతాయి. అర చదరపు మిల్లీమీటరు అయితే 7 ఓమ్‌లు దాటి, కాయిలుకు ఏడున్నరే మిగులుతుంది. మాస్‌ఫెట్‌ను ఎంత బాగుచేసినా ఆ వాల్వు తెరుచుకోదు.

చీనీతోట_గార్లదిన్నె

బురుజు_సర్క్యూట్ గారు చెప్పినట్టు పీసీ817, 10 కిలోఓమ్‌లు, జీనరు పెట్టి, పిన్నులు కూడా మార్చాను. పాత ఐఆర్‌ఎఫ్540ఎన్‌లే. ఇప్పుడు డ్రెయినుకూ సోర్సుకూ మధ్య నాలుగింటిలోనూ 0.04కు లోపలే చూపిస్తోంది, చేయి పెడితే ఆన్‌లో ఉన్నట్టే తెలియడం లేదు. రీస్టార్టులో టక్కుమనడం లేదు. తూర్పు చివర వాల్వు ఒక్కటి మాత్రం ఇంకా నీరసంగానే ఉంది. దానికి వెళ్ళేది అర చదరపు మిల్లీమీటరు వైరే, అది మారుస్తాను.

గండికోట_గేటు

వైరు మార్చేటప్పుడు ఇంకొకటి ఆలోచించండి. మీరు నెగటివ్ వైపు తెంచుతున్నారు కాబట్టి వాల్వు ఆఫ్‌లో ఉన్నా పొలంలోని వైర్లన్నిటిలో ఎప్పుడూ ప్లస్ 12 ఉంటుంది. ఎలుక కొరికిన చోట తడి మట్టి తగిలితే డీసీకి రాగి నెమ్మదిగా పచ్చబడి తినిపోతుంది. పులివెందుల వైపు ఒక అరటి తోటలో అలా తెగిన జాయింట్లు నేనే విప్పాను. ఐఆర్‌ఎఫ్9540ఎన్ అనే పీ-చానెల్ మాస్‌ఫెట్‌తో ప్లస్సు వైపు తెంచితే, ఆఫ్‌లో ఉన్నప్పుడు వైర్లలో ఏమీ ఉండదు. రెసిస్టెన్సు 117 మిల్లీఓమ్‌లు, ఒక ఆంపియరుకు లెక్కలోకి రాదు. ఇందాక బీటెక్ తమ్ముడు చెప్పిన బీసీ547 ఇక్కడ సరిగ్గా కుదురుతుంది. 10 కిలోఓమ్‌లతో గేటును సోర్సుకు, అంటే ప్లస్సుకు కట్టి, బీసీ547 కిందికి లాగినప్పుడే తెరుచుకునేలా చేస్తే, బోర్డు చచ్చినా వాల్వు మూసే ఉంటుంది.

బీటెక్_మూడో_ఏడు

నా బీసీ547కు చోటు దొరికినందుకు సంతోషం. మా మామయ్య తోటలో ఉన్నవి 24 వోల్టుల ఏసీ వాల్వులు, వాటికి కూడా ఇదే పెట్టవచ్చా?

బురుజు_సర్క్యూట్

పెట్టకూడదు. ఏసీలో సగం చక్రం మాస్‌ఫెట్ బాడీ డయోడు గుండా పోతుంది, ఆఫ్ చేసినా కాయిలు సగం కరెంటుతో గుర్రుమంటూ కాగుతూనే ఉంటుంది. ఎంఓసీ3041 ఆప్టోతో బీటీ136 ట్రయాకు (ఏసీని రెండు వైపులా తెరిచి మూసే స్విచ్చు) కట్టవచ్చు. అదీ వద్దనుకుంటే రిలే.

రిలే_పెద్దాయన

ఆ రిలేకు కాయిలు డయోడు మాత్రం మరవద్దు తమ్ముడూ, బోర్డు మీద లేకపోతే 1ఎన్4007 చాలు.